బోనాల ఊరేగింపు ఎలా చూడాలి: ఎక్కడ నిలబడాలి, ఏ దరువు వినాలి

ఆషాఢం దగ్గర పడుతోందంటే చాలు, అందరిదీ ఒకటే ప్రశ్న. "బోనాలు చూడాలి, ఎప్పుడు రావాలి, ఎక్కడికి రావాలి?" బెంగళూరు నుంచి అడిగేవాళ్లున్నారు, విజయవాడ నుంచి అడిగేవాళ్లున్నారు, పదిహేనేళ్లుగా కూకట్‌పల్లిలోనే ఉంటూ ఒక్కసారి కూడా వెళ్లనివాళ్లూ అడుగుతారు. ఆ మధ్య ఒక దోస్తు నన్ను అడగకుండానే ఆదివారం పొద్దున్నే పిల్లల్ని కారులో ఎక్కించుకుని సికింద్రాబాద్ వెళ్లాడు. మూడు గంటలు క్యూలో నిలబడ్డాడు, డప్పు చప్పుడు ఎక్కడో దూరం నుంచి విన్నాడు, చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి "ఏముందిరా అందులో, ఇంత హడావిడి చేస్తారు" అన్నాడు. తప్పు బోనాలది కాదు. వాడు వెళ్లిన పూటది, నిలబడ్డ చోటిది. అందుకే అందరికీ పనికొచ్చేలా ఒకేసారి రాసి పెడుతున్నా.

ముందే చెప్తున్నా, ఇది దర్శనం ఎలా చేసుకోవాలో చెప్పే రాత కాదు. వీధిలో జరిగే సంబరం, అందులో మోగే వాద్యం, ఈ రెండింటి కోసం వెళ్లేవాళ్లకి.

చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పేస్తా. 1813లో జంటనగరాల్లో గత్తర, అంటే అంటురోగం వచ్చి జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఇక్కడి దండు నుంచి ఉజ్జయినికి బదిలీ అయిన సురిటి అప్పయ్య అనే ఆయన అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చాక 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపాడని చెప్పుకుంటారు. లష్కర్ అంటే దండు, అందుకే అక్కడివి లష్కర్ బోనాలు. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. ఇక పనిలోకి వద్దాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాత బట్టలు. తెల్ల చొక్కా అస్సలొద్దు. పసుపు మరక వదలదు, వదిలించాలని రుద్దితే ఇంకా పాకుతుంది.
- వెనక పట్టీ ఉన్న చెప్పులు. దారంతా సాకగా (అమ్మవారికి అర్పణగా) పోసిన పసుపు నీళ్లు, కొబ్బరి చిప్ప ముక్కలు, నలిగిన వేపాకు. హవాయి చెప్పులు వేసుకుని వెళ్లి ఒకటి జనరల్ బజార్‌లో వదిలేసి, ఒంటి చెప్పుతో ప్యారడైజ్ దాకా నడిచిన అనుభవం నాది.
- రెయిన్‌కోటు. గొడుగు వద్దు, గుంపులో దాని పుల్ల ఎవరి కంట్లో పడుతుందో తెలీదు.
- చెవుల్లో పెట్టుకోవడానికి మెత్తటి ఇయర్ ప్లగ్స్, మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. లేకపోతే దూది. పిల్లలుంటే మాత్రం తప్పనిసరి.
- పది, ఇరవై, యాభై రూపాయల చిల్లర నోట్లు, ముందు జేబులో. ఎందుకో కింద చెప్తా.
- నీళ్ల సీసా, నిండా చార్జింగ్ ఉన్న ఫోన్. నగలు ఇంట్లో పెట్టి రండి.

1. పూట చూసుకోండి (తేదీ కాదు, పూట)

బోనాలు ఒక్క రోజు పండుగ కాదు. ఆషాఢ మాసం మొదట్లో గోల్కొండలో జగదాంబిక గుడి దగ్గర మొదలై, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి, ఆ తర్వాత పాతబస్తీలో లాల్‌దర్వాజ సింహవాహినికి, హరిబౌలి అక్కన్న మాదన్న గుడికి, ఇంకా బస్తీ బస్తీకీ పాకుతుంది. 2024లో లష్కర్‌ది జులై 21, పాతబస్తీది జులై 28. 2025లో 13, 20. కొన్నేళ్లు ఆగస్టు దాకా కూడా జరుగుతుంది కాబట్టి పోయినేటి తేదీ చూసి టికెట్ బుక్ చేసుకోకండి, ఆ ఏటి పంచాంగం చూడండి.

ఇప్పుడు అసలు విషయం. ఆదివారం పగలు ఆడవాళ్లు బోనం (అమ్మవారికి వండిన నైవేద్యం ఉన్న కుండ) ఎత్తుకుని గుడికి వెళ్లే సమయం. అది చూడముచ్చటగా ఉంటుంది, కాదనను, కానీ గుడి దగ్గర మీకు దొరికేది క్యూలు, బారికేడ్లు, వీఐపీ కార్లు. వీధి ఊగేది రెండు పూటల్లో. ఒకటి, సికింద్రాబాద్‌లో ఆదివారం రాత్రి, ఫలహారం బండ్లు (లైట్లతో అలంకరించినవి) వచ్చేటప్పుడు. రెండు, పాతబస్తీలో సోమవారం మధ్యాహ్నం తర్వాత, ఘటాలన్నీ (అమ్మవారి కలశాలు) కలిసి చార్మినార్ మీదుగా నయాపూల్ దాకా వెళ్లేటప్పుడు. మీకు ఒక్క పూటే కుదురుతుందంటే సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి పాతబస్తీకి వెళ్లండి. నా ఓటు దానికే.

లష్కర్‌లో సోమవారం పొద్దున రంగం ఉంటుంది, పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పడం. దాన్ని టీవీలో చూసుకోండి, అక్కడికంటే బాగా కనిపిస్తుంది, వినిపిస్తుంది కూడా.

2. బండి ఇంట్లో వదిలేయండి

సికింద్రాబాద్‌కైతే మెట్రోలో పరేడ్ గ్రౌండ్ దగ్గర గానీ ప్యారడైజ్ దగ్గర గానీ దిగి నడవండి. పాతబస్తీకైతే ఎంజీబీఎస్‌లో దిగితే నయాపూల్ దగ్గరే. అక్కడి నుంచి మదీనా, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్, చార్మినార్, అంటే ఊరేగింపు వచ్చే దారికి ఎదురు నడుస్తారన్నమాట. ఇది మామూలు లాభం కాదు, ఎక్కడ నిలబడాలో నడుస్తూనే చూసుకోవచ్చు.

బైక్ అయినా సరే, వద్దు. నేనోసారి తెలివిగా ఓ గల్లీలో పెట్టాననుకున్నా. రాత్రి ఆ గల్లీ మూతికే ఫలహారం బండి అడ్డంగా ఆగింది. బండిలో జనరేటర్ చెడిపోయింది. నేను కదిలింది రాత్రి రెండింటికి.

3. నిలబడే చోటు: మూల మలుపు, ఎత్తు అరుగు, వెనక దారి

మూడూ ఉండాలి. మలుపు ఎందుకంటే ఏ గుంపైనా చౌరస్తా దగ్గరే ఆగి ఆడుతుంది, తిన్నని రోడ్డు మీద నడుచుకుంటూ పోతుంది. అరుగు ఎందుకంటే మెడ నొప్పి పుట్టకుండా చూడొచ్చు. వెనక దారి ఎందుకంటే తోపులాట మొదలైతే మీరు పోవాల్సింది ముందుకి కాదు, వెనక్కి. వెనక షట్టరు వేసున్న దుకాణం మాత్రమే ఉంటే అక్కడ నిలబడకండి, ఎంత బాగా కనిపించినా సరే. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఈ వాక్యం మళ్లీ చదవమని మనవి.

పాతబస్తీలో శాలిబండ నుంచి చార్మినార్ వైపు వచ్చే వాలులో ఏదో ఒక మూల బాగుంటుంది. చార్మినార్ ముందు వెడల్పు ఎక్కువ, ఫోటో బాగా వస్తుంది, కానీ చప్పుడు చెదిరిపోతుంది. పత్తర్‌గట్టిలో రెండు పక్కలా రాతి కమానులు కదా, అక్కడ డప్పు మోగితే గుండెలో మోగినట్టుంటుంది. చెవి కోసం వెళ్లేవాళ్లు పత్తర్‌గట్టి, కన్ను కోసం వెళ్లేవాళ్లు చార్మినార్. టైము ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు, పోలీసులు కూడా. నాలుగింటికల్లా చోటు పట్టుకోండి, చాయ్ తాగుతూ కూర్చోండి.

4. వచ్చేది ఎవరో గుర్తుపట్టండి

ముందు పోతురాజు. అమ్మవారి తమ్ముడంటారు. ఒళ్లంతా పసుపు, ఎర్ర ధోతి బిగించి, కాళ్లకి గజ్జెలు, నడుముకి వేపమండలు, చేతిలో కొరడా. ఆయన ముందుకొస్తే మీరు వెనక్కి జరగండి. కొరడా గాల్లో తిరిగేది నిజంగానే తగులుతుంది. ఆయన వెనక ఘటం, అమ్మవారి రూపంగా అలంకరించిన కలశం, తల మీద మోసేవాళ్లు పసుపు పూసుకుని వస్తారు. పాతబస్తీలో అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వస్తుంది. ఏనుగుకి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది, ఫ్లాష్ కొట్టకండి. రంగు కాగితాలు, వెదురు బద్దలతో గోపురంలా కట్టి తెచ్చేవి తొట్టెలలు. ఇక ఫలహారం బండ్లంటే లైట్లు, బొమ్మలు పెట్టి బస్తీ కుర్రాళ్లు పోటీ పడి అలంకరించినవి.

శివసత్తులు, అంటే అమ్మవారు పూనే భక్తురాళ్లు, పూనకంలో వస్తారు, జుట్టు విరబోసుకుని, డప్పుకి తగ్గట్టు ఊగుతూ. వాళ్ల మొహం మీద ఫోన్ పెట్టకండి. దూరం నుంచి చూడండి, దారివ్వండి. అది మీకోసం వేస్తున్న ప్రదర్శన కాదు. కొన్ని గల్లీల్లో మేకల్ని, కోళ్లని కోస్తారు, చూడలేనివాళ్లు, చిన్నపిల్లలున్నవాళ్లు పెద్ద రోడ్డు వదిలి లోపలికి వెళ్లకపోవడం మేలు.

5. చెవితో వెతకండి

అందరూ తప్పేది ఇక్కడే. ఊరేగింపులో పది రకాల చప్పుళ్లు ఒకేసారి వస్తాయి, అన్నీ కలిపి "భలే సౌండ్" అనుకుని వచ్చేస్తారు. విడదీసి వినండి.

డప్పు: గుండ్రటి చెక్క చట్రానికి తోలు బిగించినది, భుజానికి తగిలించుకుంటారు. కుడి చేతిలో పొట్టి లావు కర్ర, దాన్ని సిర్ర అంటారు. ఎడమ చేతిలో సన్న పుల్ల, సిటికెన పుల్ల. సిర్ర మోత, పుల్ల చిటపట. మొదట పది నిమిషాలు పుల్ల మీదే చెవి పెట్టండి, దరువు మారబోయే ముందు అదే చెప్తుంది. తోలు డప్పుని ఎలా కనిపెట్టాలంటే, మూల మీద నలుగురు కాగితాలో గడ్డో అంటించి డప్పుల్ని కాచుకుంటుంటారు చూడండి, తోలు వేడెక్కితే బిగుస్తుంది, అప్పుడే ఆ కంగుమనే శబ్దం. ఆ గుంపుని వదలకండి. ఫైబర్ డప్పులకి ఆ మంట అక్కర్లేదు, వానలో తడిసినా మోగుతాయి, కానీ ఆ మోతలో పస ఉండదు.

తీన్మార్: తీన్ అంటే మూడు, మార్ అంటే దెబ్బ. దీని వెనక కథ చాలామంది హైదరాబాదీలకే తెలీదు. నిజాం కాలంలో సైన్యంలోకి వచ్చిన యెమెన్ హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు తెచ్చిన వాద్యం మర్ఫా. బార్కస్ అనేది బ్యారక్స్ నుంచి, ఏసీ గార్డ్స్ అనేది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిన పేర్లే. మర్ఫాలో డోలుతో పాటు స్టీలు బిందెల మీద కూడా కొడతారు, ఆ దరువుల్లో ఒకటి తీన్మార్. ఇవాళ బరాత్‌లో, గణేశుడి ముందు, అమ్మవారి ముందు మనవాళ్లు దుమ్ము లేపేది ఆ దరువు మీదే. ఊరంటే ఇలాగే ఉండాలి అనిపిస్తుంది నాకైతే.

ఒగ్గు డోలు: గజ్జెలు కట్టుకుని, మెడలో డోలు వేసుకుని గుండ్రంగా తిరుగుతూ కొట్టే బృందాలు. వినడమే కాదు, కాళ్లు చూడండి.

జమిడిక: ఇది దొరికితే మీ అదృష్టం. అమ్మవారి కథలు పాడే బైండ్లవాళ్లు వాయించేది, చిన్నది, తీగ మీటితే డోలులా మూలుగుతుంది. పెద్ద రోడ్డు మీద వినపడదు. గుడి పక్క గల్లీలో, పొద్దుగూకేలోపు వెతకండి.

ఇక ప్యాడ్ బ్యాండ్లు (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు), డీజే. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు పెట్టకూడదని ఉత్తర్వులిచ్చారు. అయినా పెద్ద స్పీకర్లు కనిపించవని కాదు. వాటి ముందు నిలబడకండి, అంతే. దాని మోతలో పక్కనున్న పది డప్పులూ మునిగిపోతాయి, మీ చెవులూ పోతాయి.

6. మూడు దెబ్బలు పట్టుకోండి

ఆడకపోయినా ఇది చేయండి. బ్యాండ్ ముందు గట్టిగా పడే మూడు దెబ్బలకి తొడ మీద చేత్తో కొట్టుకోండి. మొదట్లో నాలుగో దెబ్బ కూడా కొట్టేస్తారు, అందరూ కొడతారు. మూడు కొట్టి చెయ్యి ఆపడం వస్తే దరువు మీకు దొరికినట్టే. తర్వాత భుజాలు వాటంతటవే కదులుతాయి. స్టెప్పులు యూట్యూబ్‌లో నేర్చుకుని రావద్దు, చూడగానే తెలిసిపోతుంది.

ఆడాలనుంటే గుంపు అంచున మొదలుపెట్టండి. మధ్యలోకి దూరకండి, వాళ్లే చెయ్యి పట్టి లాగుతారు. లాగలేదంటే అది వాళ్ల బస్తీ గుంపు, వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి. అమ్మాయిలైతే ఆడవాళ్లు ఆడుతున్న గుంపు చూసుకోండి, కచ్చితంగా ఉంటుంది, అక్కడ పెద్దమ్మలు మీకంటే బాగా ఆడతారు. ఎవడైనా వెకిలి వేషాలేస్తే మొహమాటపడకండి, షీ టీమ్స్ (ఆడవాళ్ల భద్రత చూసే పోలీసులు) వాళ్లు మామూలు బట్టల్లో తిరుగుతుంటారు, లేదా 112కి ఫోన్ కొట్టండి.

7. డబ్బులిచ్చే పద్ధతి

చిల్లర నోట్లు ఎందుకన్నానంటే ఇందుకే. దరువు నచ్చితే డప్పు కొట్టేవాళ్లకి ఇవ్వండి. నోట్లు గాల్లోకి ఎగరేయడం, వాళ్ల మీద విసరడం చూస్తుంటారు, మీరు అలా చేయకండి. దరువు ఆగినప్పుడు దగ్గరికెళ్లి "అన్నా, మస్తు కొట్టిన్రు" అని చేతిలో పెట్టండి. ఏ ఊరు, ఎన్నేళ్ల నుంచి కొడుతున్నారు అని రెండు ముక్కలు మాట్లాడండి. నాకు తెలిసిన దరువుల పేర్లన్నీ ఇలా చాయ్ దగ్గర తెలిసినవే.

8. రికార్డ్ చేసుకోవాలంటే

బ్యాండ్‌కి ఎదురుగా ఫోన్ పెడితే శబ్దం పగిలిపోయి బరబరమంటుంది. పాతిక అడుగులు వెనక్కి, కొంచెం పక్కకి జరగండి. ముందు పది సెకన్లు తీసి, ఇయర్‌ఫోన్స్‌లో వినండి. మోత బరబరమంటే ఇంకా వెనక్కి. గోడ చాటు నుంచి తీసినా బాగానే వస్తుంది. వేలితో మైకు మూయడం లాంటి చిట్కాలు పనిచేయవు, నేను చేసి చూశా. ఐదు నిమిషాలు తీసుకుని జేబులో పెట్టేయండి. మొత్తం ఊరేగింపు ఫోన్‌లోనే చూసినవాళ్లని అడగండి, వాళ్లకి పోతురాజు కొరడా గుర్తుండదు, బ్యాటరీ శాతం గుర్తుంటుంది.

9. బయటపడే లెక్క

రాత్రి తొమ్మిదిన్నరకి వెనక్కి తిరగండి, పదిన్నరకి మెట్రో స్టేషన్‌లో ఉండేలా. ఫోన్ సిగ్నల్ దొరకదు కాబట్టి "తప్పిపోతే ఫలానా చోట కలుద్దాం" అని ముందే అనుకోండి, ఆ చోటు చార్మినార్ కాకుండా చూసుకోండి, అక్కడ పదివేల మంది అదే అనుకుని ఉంటారు. పిల్లల జేబులో మీ నంబరు రాసిన చీటీ పెట్టండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పోతురాజు వెనకే పరిగెత్తడం. ఆయన ఒక్కడు, వెనక వెయ్యి మంది, మీకు కనిపించేది ఎవరిదో వీపు. మీరు ఆగితే పది నిమిషాలకి ఇంకో పోతురాజు వస్తాడు, బస్తీకొకరు ఉంటారు.

వానొచ్చిందని వెళ్లిపోవడం. వాన పడితే సగం జనం పోతారు, డప్పులు మళ్లీ కాచుకుంటారు, తర్వాత మొదలయ్యేదే అసలు మజా. ఒక్క అరగంట ఏదైనా ఇరానీ హోటల్లో దూరండి.

గోల్కొండకి మధ్యాహ్నం వెళ్లడం. గుడి కోట పైన, వందల మెట్లు, నీడ తక్కువ. అక్కడ ఊరేగింపు చూడాలంటే కింద లంగర్‌హౌస్ చౌరస్తా దగ్గర తొట్టెలలు బయలుదేరేటప్పుడు చూడండి, మెట్లెక్కే పని లేదు.

ఖాళీ కడుపుతో వెళ్లడం, లేదా బిర్యానీ పట్టించి వెళ్లడం. రెండూ తప్పే. రెండిడ్లీలు చాలు.

సరిగ్గా చూశారా? ఇలా సరిచూసుకోండి

ఇంటికెళ్లాక కళ్లు మూసుకుని డప్పు దరువు నోటితో అనడానికి ప్రయత్నించండి. ఒక్కటైనా వస్తే బాగానే విన్నట్టు. డప్పుకి, బ్యాండ్‌కి తేడా ఎవరైనా అడిగితే చెప్పగలగాలి. పోతురాజు ఆడేటప్పుడు దరువు ఎక్కడ వేగం పెరిగిందో గుర్తుందా? గుర్తులేకపోతే మీరు కొరడానే చూశారు, వినలేదు. చొక్కా మీద పసుపు లేదంటే బాగా దూరంగా నిలబడ్డారు. చెవుల్లో గుయ్‌మని మోగుతుంటే మరీ దగ్గరగా నిలబడ్డారు, మర్నాటికీ తగ్గకపోతే చెవి డాక్టర్‌కి చూపించుకోండి.

ఈ ఏడాది పాతబస్తీ తప్పిపోతే టెన్షన్ పడకండి. నగరంలో మీ బస్తీ బోనాలు ఎప్పుడో పక్కింటి ఆంటీని అడగండి, చిన్న గుడి దగ్గర ఆరుగురు డప్పు కొట్టేవాళ్లే ఉంటారు, కానీ వాళ్ల ముందు మూడడుగుల దూరంలో నిలబడొచ్చు. పల్లెల్లో శ్రావణంలో కూడా చేస్తారు. మీకు తెలిసినవాళ్ల ఊరేదైనా ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి ఏ వారమో కనుక్కోండి.